షార్ట్‌కట్ బాబు

మరోదా సెక్టారులో ఎవరు ఎదురైనా ముందు అడిగేది ‘బాగున్నావా’ అని కాదు, ‘ఏ షిఫ్టు?’ అని. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన దగ్గర్నుంచీ భిలాయిలో రోజంటే మూడు షిఫ్టులే. అలాంటి ఊళ్ళో గడప దాటకుండా, లుంగీ మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హైదరాబాదు కంపెనీకి పనిచేసే కుర్రాణ్ణి ఏ షిఫ్టులో వేయాలో ఇరుగుపొరుగుకి పాలుపోలేదు. “క్లయింటు అమెరికాలో ఉంటాడండీ, రాత్రి దాకా మీటింగులు” అని వాడు చెబితే, కోక్ ఓవెన్లలో రిటైరైన పక్కింటి పెద్దాయన “మరి నైట్ అలవెన్సు ఇస్తారా బాబూ?” అని అడిగాడు. ఇవ్వరని తెలిశాక కాలనీ మొత్తానికి వాడంటే జాలి పుట్టింది.

భిలాయి తెలుగు ఇళ్ళలో ఇలాంటివాడు ఇప్పుడు వీధికొకడు దొరుకుతాడు. తాత శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ప్లాంటు పనికి వచ్చినవాడు, తండ్రి అదే ప్లాంటులో రిటైరైనవాడు, మనవడు లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు. వాళ్ళందరి గురించీ నేను చెప్పబోవడం లేదు. వాళ్ళలో ఒక ఉపజాతి ఉంది. అసలు పేరుతో మనకి పనిలేదు, షార్ట్‌కట్ బాబు అనుకుందాం.

లక్షణం ఒక్కటే. ఒకసారి చేసిన పని రెండోసారి చేయాల్సి వస్తే వాడి ఒంటికి పడదు, దానికి స్క్రిప్టు రాయాలి. మూడు నిమిషాల పని తప్పించుకోవడానికి మూడు రోజులు కూర్చుంటాడు. కూర్చున్నంతసేపూ ముఖంలో టైము మిగులుతోందన్న వెలుగు. మంచి ప్రోగ్రామరుకి సోమరితనం, అసహనం, అహంకారం అనే మూడు సుగుణాలు ఉండాలని పెర్ల్ భాష సృష్టించిన లారీ వాల్ ఎప్పుడో తేల్చేశాడు. మా బాబుకి మొదటిది పుట్టుకతో, రెండోది ఇంటర్నెట్టుతో, మూడోది మొదటి జీతంతో వచ్చాయి.

వాడి లెక్కలు కూడా వాడివే. రోజూ ఐదు సెకన్లు మిగిలితే ఐదేళ్ళకి రెండున్నర గంటలవుతుంది. నిజమే, నేనూ గుణించి చూశాను. ఆ ఐదు సెకన్ల కోసం శని, ఆదివారాలు రెండూ ఖర్చయిన సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాదు. అడిగితే “అది ఇన్వెస్ట్‌మెంట్ అంకుల్” అంటాడు.

వీళ్ళందరికీ పురాణంలాంటి కథ ఒకటుంది, రష్యాలో పుట్టింది. ఒక ప్రోగ్రామరు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాక అతని కంప్యూటరు తెరిచి చూస్తే, తొంభై సెకన్లు దాటే ప్రతి పనికీ ఒక స్క్రిప్టు ఉందట. రాత్రి తొమ్మిది దాటినా ఆఫీసులోనే ఉంటే ‘ఆలస్యమవుతుంది’ అని పెళ్ళానికి దానంతటదే మెసేజి వెళ్ళేది. ఇంకొకటి కాఫీ మెషీనుకి హుకుం జారీచేసేది: పదిహేడు సెకన్లు ఆగు, కాచు, ఇంకో ఇరవై నాలుగు సెకన్లు ఆగి కప్పులో పొయ్యి. అతను కుర్చీలోంచి లేచి మెషీను దాకా నడవడానికి సరిగ్గా అంతసేపు పట్టేదట. రష్యా పేరు వింటే భిలాయివాళ్ళకి చుట్టరికం గుర్తొస్తుంది కదా, బాబు ఈ కథ వాళ్ళమ్మకి భక్తిగా చెప్పి మన వంటింట్లోనూ పెడదామన్నాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని “పాలు పొంగితే ఎవరు దించుతారు బాబూ, రష్యావోడా?” అని అడిగింది. ఆ ప్రాజెక్టు అక్కడితో మూతపడింది.

వాడి ఆఫీసు కబుర్లు వినాలంటే పొద్దున పదకొండుకి వాళ్ళ అరుగు మీద కూర్చుంటే చాలు, కిటికీలోంచి అన్నీ వినపడతాయి. దాన్ని స్టాండప్ అంటారు, ఇంతవరకు అందులో ఒక్కడూ లేచి నిలబడింది లేదు. “పేమెంట్ పేజీ పడిపోయింది” అంటుంది విజయవాడ నుంచి ఒకమ్మాయి. “నా మెషీన్‌లో బానే ఉంది” అంటాడు మనవాడు. “అయితే నీ మెషీన్‌నే పార్సిల్ కట్టి క్లయింటుకి పంపుదాం” అంటాడు ఇంకొకడు. అందరూ నవ్వుతారు. పాత జోకే. 2013లో డాకర్ అని ఒక సాఫ్ట్‌వేర్ వచ్చి ఇంచుమించు ఆ పనే నిజంగా చేసిపెట్టింది, ప్రోగ్రాముతో పాటు దానికి కావలసిన సరంజామా అంతా ఒకే డబ్బాలో కట్టి పంపడం. అయినా జోకు పోలేదు. తప్పు బయటపడితే ‘బగ్గు కాదు, ఫీచరు’ అనడం కూడా అంతే. శుక్రవారం సాయంత్రం కొత్త కోడు ఎక్కించకూడదనే పట్టింపు ఇంకొకటి, శనివారం సెలవు పాడవుతుందని. వాళ్ళమ్మ ఇది విని “శుక్రవారం మంచిరోజే కదరా, మీ కంపెనీలో బాపనోరు లేరేటి?” అంది.

కాలనీకి వాడివల్ల మేలు లేదని నేను అనను. పొరపాటున మూసేసిన ట్యాబు కంట్రోల్, షిఫ్ట్, టీ నొక్కితే తిరిగొస్తుందని మా వీధికి నేర్పింది వాడే. ఇంతకుముందు కాపీ చేసినవి విండోస్ మీట, వి కలిపి నొక్కితే వరసగా కనిపిస్తాయని చూపించినప్పుడు ట్యూషన్ మాస్టారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఊరికి వెళ్ళే రోజుల్లోనైతే వాడే స్టేషన్‌మాస్టరు. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకి వందేభారత్ వేశారు గానీ, మావాళ్ళకి రాత్రి ఎక్కి సామాను కింద తోసి పడుకుంటేనే ప్రయాణం చేసినట్టుంటుంది. అందుకని రాత్రి బండి కోసమే కొట్లాట. ఏసీ తత్కాల్ పదింటికి, మామూలు స్లీపరు పదకొండింటికి. “నీ రోబోతో కొట్టించు బాబూ” అంటారు ఆడాళ్ళు. వాడు చెంపలేసుకుని, రోబోలతో టికెట్లు తీస్తే నేరమని ఉపన్యాసమిచ్చి, ముందురోజే అందరి పేర్లూ వయసులూ మాస్టర్ లిస్టులో ఎక్కించి పెడతాడు. పదింటికి పేర్లమీద టిక్కు పెట్టడమే. వాడి షార్ట్‌కట్లన్నిటిలోనూ నిజంగా టైము మిగిల్చింది ఇదొక్కటేనని నా అభిప్రాయం, అందులో వాడు రాసిన కోడు ఒక్క ముక్క కూడా లేదు.

కోడు రాసింది ఉగాది చందాల జాబితాకి. కమిటీవాళ్ళ దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. పేరు, క్వార్టరు నంబరు, వీధి, ఇచ్చిన డబ్బు అంతా ఒకే గడిలో కుక్కేసి కొట్టారు, ఎవరికి తోచిన వరసలో వాళ్ళు. వాటిని విడగొట్టి రసీదులు అచ్చువేయాలి. చేత్తో చేస్తే ఒక సాయంత్రం పని. బాబు చొక్కా చేతులు మడిచాడు. 1950లలో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త పుణ్యాన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటి పుట్టింది, చుక్కలూ నక్షత్రాలూ బ్రాకెట్లూ కలిపి రాసే వెతుకుడు మంత్రం. రాసినవాడికి రాసినరోజే అర్థమవుతుంది, మర్నాటికి వాడికీ కాదు. బాబు రెండు రాత్రులు కూర్చుని అరగజం మంత్రం రాశాడు. మొదట వచ్చే మాట పేరు, మొదట వచ్చే అంకె క్వార్టరు, తర్వాతి అంకె డబ్బు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు డబ్బే ముందు రాస్తారు అనే సంగతి వాడికి తట్టలేదు.

రసీదులు పంచిన సాయంత్రం మా వీధిలో షిఫ్టు మారినంత సందడి. ఒకే ఇంట్లో నలుగురు అన్నదమ్ములకి నాలుగు రసీదులూ ‘శ్రీ గేదెల గారు’ అన్న పేరుతోనే వచ్చాయి. క్వార్టరు నంబరు 7లో ఉండే పెద్దమనిషి 501 రూపాయలిచ్చాడు. ఆయన రసీదు మీద ‘క్వార్టరు 501, చందా 7 రూపాయలు’ అని పడింది. ఆయన దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. బాబు మాత్రం చెక్కుచెదరకుండా “డేటా శుభ్రంగా లేదు అంకుల్” అన్నాడు.

పక్కింటి పదోతరగతి పిల్ల ఆ షీటు తెరిచి, పక్క గడిలో మొదటి రెండు వరసలకి పేరు ఎలా ఉండాలో తనే కొట్టి, కంట్రోల్, ఈ నొక్కింది. మిగతా గడులు బిలబిలా నిండిపోయాయి. క్వార్టరుకీ డబ్బుకీ కూడా అలాగే చేసి, తప్పుపడ్డ నాలుగైదు చేత్తో దిద్దింది. ఐఐటీ కాన్పూరులో చదివి మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో చేరిన సుమిత్ గుల్వాని పని ఇది. నమూనాలు చూపిస్తే సూత్రాన్ని యంత్రమే ఊహించుకునే పద్ధతి మీద 2011లో పరిశోధనపత్రం రాశాడు, 2013 ఎక్సెల్‌లో అది ఫ్లాష్ ఫిల్ పేరుతో జనంలోకి వచ్చింది. కోడు రాయడం రానివాళ్ళ కోసమే దాన్ని చేశారు. బాబు స్క్రీను వంక కాసేపు చూసి “బానే ఉంది గానీ, ఇది స్కేలవ్వదు” అన్నాడు. కమిటీ మొత్తం చందాదారులు రెండువందలమంది.

వాళ్ళ నాన్నకి అసలు షార్ట్‌కట్ అన్నదే గిట్టదు. రైల్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి రిటైరయ్యాడు. “ప్లాంటులో షార్ట్‌కట్ కొట్టినోడి సేతి ఏళ్ళు లెక్కెట్టి చూడు, పది ఉండవు” అంటాడు. కొడుకు రోజుకి నాలుగైదు చిన్నచిన్న మార్పులు చేసి కోడుకి అతికిస్తాడని విని, “మా ప్లాంటు 130 మీటర్ల పట్టా ఒక్క ముక్కగా తీస్తాది. మీవన్నీ అతుకులేనేట్రా?” అన్నాడు.

అయినా కొడుక్కి చిక్కొచ్చిందంటే ఆ అరుగే గతి. చిక్కు తెగకపోతే బల్లమీద రబ్బరు బాతుని పెట్టుకుని దానికి మొదట్నుంచీ వివరించు, చెబుతుండగానే తప్పు నీకే దొరుకుతుంది అని 1999లో వచ్చిన ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ పుస్తకంలో ఒక ఉపాయం ఉంది. బాబు బాతు కొనలేదు, నాన్న ఉన్నాడు. ఆయన పేపరు చదువుకుంటూ ‘ఊ’ కొడుతుంటాడు. ఒకరోజు సమస్య ఏమిటంటే, బిల్లు లెక్క తప్పుతోంది, వెయ్యి మార్పుల కిందట సరిగ్గా ఉండేది, ఈ వెయ్యిలో ఏది చెడగొట్టిందో తెలీదు. పేపరు దిగింది.

“కేబులు ఎక్కడ పోయిందో మొదట్నుంచి ఎతుక్కుంటా ఎల్తే షిఫ్టు అయిపోతాది. సగంలో ఇప్పి సూడు. అక్కడిదాకా కరెంటుంటే తప్పు అవతల సగంలో. దాన్ని మళ్ళీ సగం సెయ్యి.”

బాబు నోరు తెరిచాడు. కోడులో మార్పుల చిట్టా దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఇదే పనికి ఒక ఆదేశం ఉంది, బైసెక్ట్ అని. వెయ్యి మార్పులున్నా సగం సగం చేసుకుంటూ పోతే పదిసార్లు చూస్తే దొరుకుతుంది. పదో తనిఖీకి దొరికింది కూడా. చెడగొట్టింది వీడే. ఆ సంగతి స్టాండప్‌లో చెప్పలేదు, ‘ఒక సీనియర్ సలహాతో కనిపెట్టాను’ అన్నాడు.

“దీనికి పేరు కూడా పెట్టారేటి?” అని మాత్రం ఆయన రెండుసార్లు అడిగాడు.

ఆ కృతజ్ఞతతోనే బాబు నాన్న పింఛను పని నెత్తికెత్తుకున్నాడు. రిటైరైనవాళ్ళు బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ రుజువు వచ్చాక బ్యాంకుకి వెళ్ళక్కర్లేదు, ఇప్పుడైతే ఫోనులో ముఖం చూపించినా చాలు. ఏటా చేయాల్సిన పని అనగానే బాబు చేతులు దురద పెట్టాయి. ముఖం తప్పనిసరి కాబట్టి మొత్తం స్క్రిప్టుకి అప్పగించడం కుదరలేదు. కనీసం గుర్తు చేయించుకుందామని ఆఫీసు క్యాలెండరులోనే ఒక రిమైండరు పెట్టాడు. అది సరిగ్గా క్లయింటు మీటింగులో, వీడి స్క్రీను అందరికీ కనిపిస్తుండగా, మధ్యలో డబ్బాకట్టి తేలింది: ‘నాన్న ఇంకా బతికే ఉన్నాడా? చూడు.’

మేనేజరు గొంతు మార్చి “నువ్వు వెంటనే వెళ్ళు, పనులు మేం చూసుకుంటాం” అన్నాడు. విజయవాడ అమ్మాయి అప్పటికే సెలవు ఫారం నింపడం మొదలెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర బాబు జరిగింది చెప్పి, ఈసారి ఇంకా మంచి పద్ధతి కడతానన్నాడు, మనిషి ప్రమేయం లేకుండా ఏటేటా దానంతటదే జరిగిపోయేలాగ. నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు.

“ఒరే నానా, నేను పోయాక కూడా పంపుతాదేట్రా అది?”

బాబు ఆలోచనలో పడ్డాడు. ఆ కేసు వాడు చూసుకోలేదు. లోపల్నుంచి చారు గిన్నె తెస్తూ వాళ్ళమ్మ అంది: “పంపనీరా బాబూ. అది బగ్గు కాదు, ఫీచరు.”