రెండో ఆల్బం బాధితుడి విన్నపం

రాయగడ పట్టణ కాపురస్తుడు, పేపరు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, ఒక భార్య, ఒక కొడుకు, ఒక బావమరిది గలవాడు అయిన నేను సమస్త సంగీత ప్రియులకు చేసుకొను విన్నపం ఏమనగా: మా ఇంట్లో పాట వినేవాళ్లు కరువయ్యారు. అందరూ తీర్పులు చెప్పేవాళ్లే.

కేసు పూర్వాపరాలు. బెంగళూరులో ‘అగం’ అని ఒక బ్యాండుంది. 2003లో మొదలైంది. కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ గిటార్లూ డ్రమ్ములూ జోడిస్తారు. పాడేది హరీశ్ శివరామకృష్ణన్, కేరళ మనిషి. మొదటి ఆల్బం 2012లో, రెండోది ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ 2017లో వచ్చాయి. మొదటిది విన్నప్పుడు మా ఇంట్లో ఏకగ్రీవం. పోల్చి చూడ్డానికి దానికి ముందు ఇంకోటి లేదు కదా! రెండోది రాగానే కొంప అంటుకుంది. ఏళ్లు గడిచాయి, వాయిదాలు పడుతున్నాయి, తీర్పులు వస్తున్నాయి, అప్పీళ్లు వెళ్తున్నాయి.

మా అబ్బాయి వీరాభిమాని. వీరాభిమాని అంటే మెచ్చుకుంటాడని మీరనుకుంటే పొరపాటే. “మొదటి ఆల్బంలో ఉన్న కసి దీన్లో లేదు నాన్నా, మరీ నున్నగా చేసేశారు” అని పెదవి విరుస్తాడు. విరిచి, రాత్రి పదిన్నరకి అదే ఆల్బం మొదట్నుంచీ పెడతాడు. నచ్చనిదాన్ని రోజూ ఎందుకురా అంటే, ఎంత నచ్చలేదో తేల్చుకోవాలట. వాడి స్నేహితుడొకడు ఎదురుపార్టీ. రెండోదే గొప్పదని వాడి వాదన. ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని డ్రమ్ము ఎక్కువైందా, గొంతు ముందుకొచ్చిందా అని కొట్టుకుంటారు. కాఫీలు మాత్రం నా ఖాతాలో. కొరాపుట్ కాఫీ పొడి ఈ రోజుల్లో చవగ్గా దొరకదని ఇద్దరికీ తెలీదు.

మా ఆవిడది వేరే కోర్టు. ఆమె పిల్లలకి సంగీతం పాఠాలు చెబుతుంది. రెండో ఆల్బంలో ‘మనవ్యాలకించరాదటే’ ఉంది. దానికి ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’ అని పేరు పెట్టారు. త్యాగయ్య తన మనసుతో మాట్లాడుకుంటుంటే మధ్యలోకి మకరరాశి ఎందుకొచ్చిందో నాకు అంతుబట్టలేదు. మంచు సంగతంటారా, మా కొరాపుట్ వైపు పుష్యమాసంలో కావలసినంత. ఆవిడ పేచీ పేరుతో కాదు, నళినకాంతితో. అది వక్ర రాగం. ఆరోహణలో ‘సగరిమపనిస’ అని గాంధారం దాకా వెళ్లి రిషభానికి వెనక్కొచ్చి మరీ ఎక్కాలి. “ఆ గిటారు అక్కడ మలుపు తిరుగుతోందా, అడ్డదారిలో పోతోందా, వినండి” అంటుంది. వింటాను. నాకు రెండూ ఒకేలా ఉంటాయి. ఆ మాట పైకంటే ఆ పూట నా పప్పులో ఉప్పుండదు.

మా బావమరిదిది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసూ ద్వారం వెంకటస్వామి నాయుడూ నడిచిన ఊరు. కనుక ఏ పాటనైనా వినకుండానే కొట్టిపారేసే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందంటాడు. “త్యాగరాజస్వామికి కరెంటు తగిలించారేటి బావా?” అని ఫోనులోనే అపచారం ఖాయం చేసేశాడు. దానికి మా వాడు, “ద్వారం వారు వాయించిన వయొలిన్ తెల్లదొరల వాయిద్యం కాదా మావయ్యా? దాన్ని మన కచేరీలోకి తెచ్చింది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు కాదా?” అని తిప్పికొట్టాడు. లైను కట్టయింది. వాళ్ల ఇంట్లో పెళ్లి ఉంది, పిలుపు మాత్రం నాకింకా అందలేదు.

ఆస్తి నష్టం కూడా మనవి చేస్తాను. డ్రమ్ములు అందుకోగానే వంటింట్లో గోడకున్న స్టీలు స్టాండు కదుల్తుంది. గ్లాసులన్నీ ఊరుకుంటాయి, మా అత్తగారు పెట్టిన పెద్ద గ్లాసొక్కటే ‘జుయ్’ మంటుంది. ప్రతిసారీ అదే చోట. బట్ట చుట్టినా మోగింది. అది శ్రుతిలోనే ఉందని మా ఆవిడ ధ్రువీకరించింది, అదొక్కటే ఊరట.

జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. నేనంతటి పోషకుణ్ణి కాను గానీ ఆ స్పీకరు కొన్నది నా డబ్బుతోనే. పోషకుడి మాట ఆస్థానంలో చెల్లకపోవడం ఎక్కడైనా ఉందా?

ఒక్క విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు, అందుకే త్వరగా దాటేస్తాను. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మాది విశాఖపట్నం జిల్లా. మా వాడు చదివింది ఒడియా బడి, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో కట్టిన తెలుగు కీర్తన బెంగళూరులో ఒక కేరళ గొంతెక్కి, మా ఇంటికొచ్చి, వీడి నోట తప్పుల్లేకుండా పలుకుతోంది. ఆ పని నావల్ల కాలేదు.

ఇంతకీ ఈ జబ్బు మా ఇంటిదే కాదట. అమెరికాలో వీజర్ అనే బ్యాండు రెండో ఆల్బం ‘పింకర్టన్’ 1996లో వస్తే, రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దాన్ని ఆ ఏటి అధమాధమ ఆల్బంలలో చేర్చారు. 2002లో అదే పత్రిక పాఠకులు దాన్నే ఉత్తమ ఆల్బంల జాబితా ఎక్కించారు. ఈలోగా పాటలో ఒక్క స్వరం మారలేదు. ఆ ఆరేళ్లూ ఆ పాఠకుల తండ్రులు ఎలా పడుకున్నారో మాత్రం ఏ పత్రికా రాయలేదు. నా ఉద్దేశంలో రెండో ఆల్బం చేసిన నేరమల్లా రెండోది కావడమే. మొదటిది విన్ననాడు మా వాడికి పరీక్షల్లేవు, ఉద్యోగం చింత లేదు. ఆ రోజుల్ని తిరిగి ఇమ్మని గిటారువాణ్ణి నిలదీస్తే వాడెక్కణ్ణుంచి తెస్తాడు?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఏ బ్యాండైనా రెండో ఆల్బం వేసినప్పుడు దయచేసి మొదటిదాన్ని సాక్షిగా పిలవకండి. పాట ఏడు నిమిషాలుంటే ఏడు నిమిషాలూ నోరు మూసుకుని వినండి. తీర్పు మర్నాడు చెప్పండి. మా రాయగడలో ఉన్నవారు మటుకు రాత్రి పది దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఆ ఖర్చు నేనే భరిస్తాను.