‘బండపై బాదరాదు’: సటీక తాత్పర్యం

మూలం: “చల్లని నీటిలో మృదువుగా ఉతకవలెను. బండపై బాదరాదు. తొలిసారి విడిగా ఉతకవలెను. మితమైన వేడితో ఇస్త్రీ చేయవలెను.”

అవతారిక: పట్టుచీర పెట్టె అడుగున, వేలెడంత చీటీ మీద వెలసిన శాసనమిది. కర్త అజ్ఞాతుడు. వ్యాఖ్యానంలో మాకు ఆదర్శం మా తాండూరుకు పొరుగున మెతుకుసీమకు చెందిన కొలిచాల మల్లినాథసూరి. ఆధారం లేనిది రాయనన్నాడు, అక్కర లేనిది చెప్పనన్నాడు. మొదటి నియమం పాటిస్తాం.

టీక: ‘చల్లని’, ‘మృదువుగా’ సులభాలు, వదిలేస్తున్నాం.

‘బండపై’: ఏ బండ? నాపరాళ్ల తాండూరువాడికి ఈ శంక తప్పదు. బండ రెండు విధాలు: స్థూలం, సూక్ష్మం. స్థూలబండ నాపరాయి. ఇంటి నేల, వాకిలి, బట్టలుతికే గచ్చు అన్నీ అదే. సూక్ష్మబండ బోరునీళ్లలో ఉంటుంది. ఎట్లంటే, వాన నీరు మట్టిలోకి దిగుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుస్తుంది. ఆ పులుపుకు, సున్నపురాయి జాతిదే అయిన ఈ నాపరాయి కరుగుతుంది. కరిగిన కాల్షియం బోరెక్కి బకెట్లోకి దిగుతుంది. సబ్బు తగలగానే నురగకు బదులు తెట్టు కడుతుంది. తెట్టు పట్టుపోగుల మీద పేరుకుంటే చీర మెరుపు తగ్గి గరుకెక్కుతుంది. చీరను బండకేసి బాదకున్నా బండే వచ్చి చీరను పట్టుకుంటుందన్నమాట.

సబ్బు ఇంకొంచెం వేస్తే? తెట్టూ ఇంకొంచెం. పైగా పట్టు మాంసకృత్తు, సబ్బులోని క్షారం దానికి పడదు. కుంకుడురసానికి ఈ చిక్కు లేదు. దాని నురగ సపోనిన్లది, కాల్షియంతో తెట్టు కట్టదు. పట్టి పెట్టుకున్న వాననీళ్లయితే మరీ మేలు, అందులో బండే లేదు.

ఈ రాయిని ఊరికే తిట్టడానికీ లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో ఈ సున్నపురాతి నేలకూ వాటా ఉంది. కానీ ఆ కందిపప్పునే ఈ బోరునీళ్లలో ఎసరు పెట్టండి, ఉడకడానికి మొండికేస్తుంది. నేలలో ఉన్నప్పుడు పెంచిన రాయి గిన్నెలోకొచ్చి పంతం పట్టడం చిత్రం. పప్పు ముందురోజే నానబెట్టుకుంటే... చీర మాట మరిచాం.

‘తొలిసారి విడిగా’: ఇక్కడ వ్యాఖ్యాతకు శాంతం నిలవదు. అద్దకం గట్టిగా పట్టించి, మిగులు రంగు కడిగేశాక అమ్మాలి. ఆ ఆఖరి పని కొన్నవాళ్ల నెత్తిన పెట్టారు. అందుకు ధరేమైనా తగ్గించారా? ఎర్ర అంచు రంగు తెల్లని ఒంట్లోకి దిగిందని దుకాణానికి తీసుకుపోతే “విడిగా ఉతకలేదా అమ్మా?” అని అడిగారు. ఒకే చీరలో అంచునూ ఒంటినీ విడిగా ఉతికే విధానం ఏ శాస్త్రంలో ఉందో చెప్తే పారాయణ చేస్తాం.

‘మితమైన వేడి’: కరెంటు ఇస్త్రీపెట్టెకైతే చుక్కల గుర్తులున్నాయి: ఒకటి తక్కువ వేడికి, మూడు ఎక్కువకు. వికారాబాద్‌లో బొగ్గుల పెట్టె తోసేవాడికి చుక్కలతో పని లేదు. తడివేలు తాకించి చూస్తాడు, చీర తిరగేస్తాడు, జరీ మీద పల్చటి నూలుగుడ్డ పరుస్తాడు. చీటీలో లేని శాస్త్రమంతా అతని దగ్గరుంది.

తాత్పర్యం: ఉతికేవాళ్లకు ఆజ్ఞలు నాలుగు, అద్ది అమ్మేవాళ్లకు ఒక్కటీ లేదు. నీళ్లలో ఎంత కాల్షియందాకా ఫర్వాలేదో, రంగు ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో, రెండే రెండు అంకెలు వేస్తే ఈ టీకతో పనే లేదు.

విశేషం: రంగు దిగిన ఆ బకెట్లోనే పొరపాటున చీటీ కూడా నానింది. దాని సిరా చెక్కుచెదరలేదు. అద్దకం తెలిసినవాణ్ణి చీటీల పనిలో పెట్టినట్టున్నారు.