అతిథి కారు దిగేదాకా సంగీతం

ఆగస్టు 15 దగ్గరపడితే చాలు, చాలా బడుల యాజమాన్యాలకు సంగీతం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. మీరట్ నుంచి తెప్పించిన డ్రమ్ములు, బ్యూగిళ్లు దుమ్ము దులుపుకొని బయటికొస్తాయి. ఎవరికి ఏ వాద్యమన్నది చెవిని బట్టో, ఊపిరిని బట్టో తేలదు. ఎత్తును బట్టి తేలుతుంది. పొడుగువాడికి పెద్ద డ్రమ్ము, మిగిలినవాడికి తాళాలు. బ్యూగిల్ దక్కినవాడి అదృష్టం మరీ గొప్పది. దానికి మీటలుండవు, పెదవుల బిగింపుతోనే స్వరం మార్చాలి, మామూలుగా పలికేవి ఐదారే. అంటే సప్తస్వరాలు పూర్తికాకముందే సంగీతవిద్య పూర్తి!

క్రమశిక్షణ అలవడుతుంది కదా అంటారు. నిజమే, అడుగులు కలుస్తాయి. దానికి డ్రిల్లు మాస్టారి ఈల చాలు. మంచి వాద్యాలు ఖరీదంటారు. అదీ నిజమే, కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలకు ట్రంపెట్టే కావాలని లేదు. కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ రికార్డరుతో వేళ్లకు, ఊపిరికి, చెవికి పొత్తు కుదురుతుంది. చాలా దేశాల బడుల్లో తొలి వాద్యం అదే. ముఖ్య అతిథి ఫ్లెక్సీల్లో రెండు తగ్గిస్తే కొన్ని కొనొచ్చు. ఇక టైము లేదన్నది ఆఖరి అస్త్రం. పాఠ్య, సహపాఠ్య అంశాల మధ్య గోడలు వద్దని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మనవాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు: గోడ కూల్చి, సంగీతం పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించారు!