ఎవరికీ దొరక్కుండా ఆధారాలివ్వడం ఎలా?

కోరాపుట్-రాయగడ రైలు మార్గంలో కకిరిగుమ్మలో దిగి, ఆ కొండల్లోని కువి భాష మీద పరిశోధన పత్రం రాయాలనుకునే విద్యార్థికి ముందుగా కావలసింది పొడుగాటి ఆధార గ్రంథాల పట్టిక. పట్టిక నాలుగు పేజీలు దాటిందంటే, వాటిలో ఎన్ని చదివావని అడిగే ఓపిక పరీక్షకుడికి ఉండదు.

పాత పుస్తకంతో మొదలుపెడితే గౌరవంగా ఉంటుంది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో జయపురం జమీందారీ సంగతులు బోలెడున్నాయి. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీది. ఒడిశా రాష్ట్రం 1936లో, రాయగడ జిల్లా 1992లో ఏర్పడ్డాయి. అవేవీ పట్టించుకోకుండా ‘1907లో రాయగడ జిల్లాలో’ అని రాసేసి, కింద ఫ్రాన్సిస్ పేరు తగిలించాలి. పేజీ నంబరు మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే ఎవరో ఒకరు తీసి చూస్తారు.

తర్వాత భాష. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండో కూర్పు 1984లో వచ్చింది. అందులో కువి మాటల పక్కన చిన్న సంకేతాలుంటాయి: ఇది 1911లో వ్యాకరణం అచ్చువేసిన షుల్జె నుంచి, ఇది ఫిట్జ్‌గెరాల్డ్ నుంచి అని. ఇద్దరూ ఒకే మాటను వేర్వేరుగా రాసుకుంటే, సంపాదకులు రెండు రూపాలనూ పక్కపక్కనే ఉంచారు. ఇంత చాదస్తం పరిశోధకుడికెందుకు? తన వాదానికి నప్పే రూపాన్ని ఏరుకుని, కంటితో చూడని షుల్జె పుస్తకాన్నే ఆధారంగా చూపాలి. నిఘంటువు పేరు ఎత్తకూడదు.

తెలుగువాళ్ల పేర్లు దేవుడిచ్చిన వరం. మనకు ఇంటిపేరు ముందు. సాఫ్ట్‌వేర్‌కు చివరి మాటే ఇంటిపేరు. అందుకే కొండ భాష మీద 1969లో పుస్తకం వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తి ప్రపంచమంతటా ‘కృష్ణమూర్తి, బిహెచ్.’గానే దొరుకుతాడు. సవర భాషకు 1931లో వ్యాకరణం ఇచ్చిన గిడుగు రామమూర్తిని ‘గ’లో ఒకసారి, ‘ర’లో ఒకసారి, రావుసాహెబు బిరుదు పట్టుకుని మరోసారి వేస్తే ఒక్క మనిషి ముగ్గురు రచయితలవుతాడు. పట్టిక దానంతటదే పెరుగుతుంది.

ఇక కాపీ లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందరికీ తెలిసిన విషయాల్లో వరసగా 14 మాటల వరకు కలిస్తే లెక్కలోకి రాదు కాబట్టి, పదిహేనో మాట దగ్గర ఏదో ఒక పర్యాయపదం దూర్చాలి. ఆధారం చూపిన ఉల్లేఖనాలకు కూడా మినహాయింపు ఉందని అవే నిబంధనలు చెబుతాయి. అంత సులువైన దారి పరిశోధకుడి హోదాకు తగదు.

చివరికి మిగిలేది ఊళ్లో గంటల తరబడి కూర్చుని మాటలు చెప్పినవాళ్లు. ప్రొఫెసర్లకు పేరు, సంవత్సరం, ప్రచురణ సంస్థ కావాలి. వీళ్లకు ‘స్వీయ క్షేత్ర పర్యటన’ చాలు. ఏ ఊరు, ఏ తేదీ, పేరు వేయడానికి ఒప్పుకున్నారా లేదా అన్నవి నోటుబుక్కులోనే ఉంటాయి. ఆ నోటుబుక్కు చూపించమని ఎవరైనా అడిగితే, ఇల్లు మారినప్పుడు పోయిందనాలి.