పేరుగల గిన్నెలు

వసంతమును వర్ణించిన కవులలో పరీక్ష కాగితములు దిద్ది పొట్టపోసికొన్నవాడు ఒక్కడును లేడని నా గట్టి నమ్మకము. ఉండియున్నచో, కోయిల కూయుటకును, మావి చిగుర్చుటకును, మల్లె మొగ్గ తొడుగుటకును విధాత యేర్పరచిన కాలమునే విద్యాశాఖవారు వార్షిక పరీక్షలకు గూడ ఏర్పరచిరన్న ఘోరవిషయము ఏ కావ్యమున, ఏ యాశ్వాసమునందైనను కానరాకుండునా? మలయమారుతము సోకినంతనే విరహులకు తాపము హెచ్చునని వారు వ్రాసిరి. నాకు మలయమారుతము సోకినంతనే హెచ్చునది, బల్లమీది జవాబు కాగితములు లేచిపోవునేమోయను బెంగ. కిటికీ మూసితినా, ఉక్క. తెరచితినా, తొమ్మిదవ తరగతివారి సమాసములు పెరటిలోని నూతిలో తేలుచుండును. తేలినను భాషకు పెద్ద నష్టము లేదు గాని, వానిని తోడి, ఆరవేసి, మార్కులు వేయువరకు ఇంటిలో త్రాగునీరుండదు.

ఇది యిట్లుండగా, చైత్రము వచ్చుటతోడనే బంధుజనమునకు మామీద వాత్సల్యము పొటమరించును. బడిపంతులునకు సెలవులు వచ్చును గనుక ఇంటనే యుండునని, ఇంటనే యుండును గనుక ప్రొద్దుపోక యల్లాడునని, అల్లాడును గనుక నలుగురు వచ్చి కూర్చున్నచో సంతోషించునని, తర్కశాస్త్రమునకు లోపము రాకుండ సిద్ధాంతము చేసికొని, పిల్లాజెల్లాతో దిగుదురు. వైశాఖమున ముహూర్తములు పెట్టుకొన్నవారు శుభలేఖలు పంచుటకు వత్తురు. ముహూర్తములు కుదరనివారు సంబంధములు విచారించుటకు వత్తురు. పెండ్లికెదిగిన పిల్లలే లేనివారు మా యూరి శ్రీరామనవమి పందిరి చల్లగా నుండునని వత్తురు. తెలుగు పండితుని జీతమెంతయో, అది లెక్కల మాష్టరు జీతముకంటె ఎంత తక్కువయో వీరికి తెలియకపోలేదు. తెలిసియు వచ్చుటకు కారణము మా యింటి సామాను.

సామానని తేలికగా అనరాదు. మా తాతగారి పొలము వ్యాజ్యములలో పోయినది. వారి తాళపత్రములు చెదల పాలైనవి. మిగిలినది మా మామ్మ కాపురమునకు వచ్చుచు తెచ్చుకొన్న కంచు, ఇత్తడి పాత్రసంచయము మాత్రమే. అదియైనను మిగులుటకు హేతువు, జప్తుకు వచ్చిన అమీనాకు గంగాళము నెత్తుటకు మనుష్యులు చాలకపోవుటయేనని మా నాన్నగారు చెప్పెడివారు. మాది తణుకు ప్రాంతము. అజ్జరము మాకు బండిదూరము. ఆ యూరి కంచరుల సమ్మెట దెబ్బ తినని బిందెగాని గుండిగగాని సారెలో పెట్టుట మా సీమలో పిల్లనిచ్చినవారికి చిన్నతనము. మా యటకమీద గంగాళము ఒకటి, కాగు ఒకటి, ఒకదానిలో ఒకటి యిమిడిన గుండిగల వరుస, కాశివరకు పోయి వచ్చిన మరచెంబు, చారునకు సత్తుగిన్నె, పులుసునకు రాచిప్ప, భోక్తలకు కంచుకంచములు, వీనికన్నిటికిని మకుటాయమానమైన కంచు పప్పుగిన్నె కలవు. ఏడాది పొడుగున ఇవి పైన తపస్సు చేసికొనుచుండును. క్రింద మాకు అల్యూమినియము పళ్ళెములే గతి. సంవత్సరాదికి మాత్రము అవి దిగివచ్చును. వానివెంట చుట్టములును దిగుదురు.

1957లో, హేవిళంబి సంవత్సరాది నాళ్ళలో, ఈ యవతరణము కొంత చరిత్రాత్మకమైనది. ఇత్తడికి పులుపు పడదు; చింతపండు తగిలిన ఇత్తడి చిలుమెక్కి వంటను పాడుచేయును; కావున లోపల తగరపు పూత పూయించుట, అనగా కళాయి వేయించుట, ఏటేట తప్పనిపని. కళాయివాడు మా యరుగు ప్రక్కన గుంట త్రవ్వి, తిత్తి యమర్చి, బొగ్గులు రాజేసి, గుండిగను సెగమీద త్రిప్పుచు లోన నవాసారము చల్లును. తెల్లని పొగ గుప్పున లేచి వీధి సగము దగ్గును. అంతట తగరపు కడ్డీని ఇట్లు తాకించి, గుడ్డపీలికతో అట్లు రాచునప్పటికి, నల్లని గిన్నె కడుపులో వెన్నెల కాయును. దీనిని చూచుటకు నేను కాగితములు వదలి అరుగుమీదికి పోవుటయు, నా భార్య నన్ను లోనికి తరుముటయు ఏటేట జరుగునవే. ఆ యేడు మాత్రము ఆమెయే నన్ను పిలిచినది. ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయకు 100 నయాపైసలని ప్రభుత్వమువారు చాటిరి. 16 అణాల రూపాయను నూటికి పంచినచో అణాకు ఆరుంబావు నయాపైసలు వచ్చును. పావుపైస యన్నది ఏ టంకసాలలోను పుట్టలేదు. గరిటెకు అణా బేరము. "ఏడు ఇప్పించండమ్మా" అని వాడు. "ఆరే ఇస్తాను" అని ఆమె. నాలుగు గరిటెలకు కలిపి ఇరువదియైదు ఇచ్చినచో తగవు తీరునని నేను చెప్పితిని. తెలుగు పండితుని నోట లెక్క వెడలుట చూచి యిరువురును ఒక్క నిమిషము నిశ్శబ్దులై, ఆ వెంటనే యేకాభిప్రాయమునకు వచ్చి, లెక్కల మాష్టరు కొఱకు కబురు పంపిరి.

పాత్రలు వంటయింట కొలువుదీరిన పిమ్మట నా భార్య అతిథిధర్మమునకు ఉపక్రమించును. ఏ యతిథికి ఏ పాత్రయన్న విషయమున ఆమె నిష్ఠ మీమాంసకులకు గూడ దుర్లభము. మజ్జిగతో పోవువారికి ఇత్తడి లోటా. భోజనమునకు నిలుచువారికి కంచుకంచము. భోజనానంతరము అప్పు అడుగుదురని తోచినవారికి అరిటాకు. పాఠశాలల తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు మా యింట భోజనము చేయుట తటస్థింపగా, కంచుకంచము, పప్పుగిన్నె, మరచెంబు మూడును ఒక్కసారి ప్రయోగించినది. ఆ తళతళలలో ఆయన మా చారు పలుచదనమును గమనింపక, "పండితులవారు కలిగినవారే" అని సంతసించి, జీతము పెంపును గూర్చి నేను పెట్టుకొన్న అర్జీని చదువకుండనే కట్టలో దోపి వెడలిపోయెను.

ప్రాచీనులు ఆతిథ్యమును పొగడిరి కాని, అందులకు కావలసిన సాధనసంపత్తిని తలచిన జాడ తక్కువ. మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలు ఎందరు వచ్చినను, ఏ వేళ వచ్చినను విసుగులేక వండిపెట్టునని పెద్దన మెచ్చుకొనెను; ఆ గిన్నెలు ఎవరు తోమిరో చెప్పడాయెను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున, వేసవిని, శీతకాలమున అతిథులకు ఏమేమి వడ్డించెనో రాయలవారు నోరూరునట్లు చెప్పి, వసంతమును మాత్రము విడిచిపెట్టిరి. ఏలయని చాలకాలము తర్కించి, చివరకు నా భార్యతో ప్రస్తావించితిని. "పాతబియ్యం నిండుకుంటాయి, కొత్తబియ్యం ముద్దవుతాయి. ఏం వర్ణిస్తారు పాపం!" అన్నది. ఏ పండితపరిషత్తు ఇంతకంటె మంచి వ్యాఖ్య చెప్పగలదు? ద్రౌపది అక్షయపాత్ర విషయమునను ఆమె యభిప్రాయము స్వతంత్రమైనది. అంచున శాకపుతునక యొకటి అంటియుండబట్టి గదా కృష్ణుడు దానిని నోట వేసికొని, దుర్వాసుని శిష్యగణమునకు కడుపు నింపగలిగెను. గిన్నె శుభ్రముగా తోమియున్నచో పాండవుల గతి యేమి? ఈ కథ మా పనిమనిషి చెవిని పడరాదని నాకు ఆన పెట్టినది.

అతిథులందు మిక్కిలి ప్రమాదకరులు సాయము చేయుటకు వంటయింటిలోనికి వచ్చువారు. సత్తుగిన్నెలో కాగిన చారు రుచి ఎఱిగినవారందరును ఆ గిన్నె స్వభావము నెఱిగియుండరు. మా గిన్నెలో తగరము పాలు మెండు. తగరము 232 డిగ్రీల వేడికే కరిగిపోవును. లోన నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటనీయదు గనుక గిన్నె బ్రతికియుండును. పట్నవాసపు చుట్టమొకావిడ, "నువ్వు కూర్చో వదినా, చారు నేను పెడతాగా" అని, పోపు ముందు వేయవలెనన్న తమ యింటి సంప్రదాయము ననుసరించి, వట్టిగిన్నెను కణకణలాడు పొయ్యిమీద పెట్టినది. ఆవాలు చిటపటలాడకమునుపే గిన్నె యడుగు వెండినీరై బూడిదలోనికి జారినది. నా భార్య, "పోనిద్దురూ, పాతదేగా" అని నవ్వినది. ఆ రాత్రి నిదురలో మాత్రము ఆ వదినగారి పుట్టింటి మూడుతరములవారిని పేరుపేరున పలుకరించినది. పొయ్యిలో దొరకిన తగరపుముద్దను కళాయివాడు మంచి ధరకు కొందునన్నను అమ్మక, పసుపుడబ్బాలో దాచినది.

కంచునకు వేఱొక లోపము. రాగికి నూటికి 22 పాళ్ళవరకు తగరము చేర్చి పోతపోసిన ఆ లోహమునకు కంఠము గొప్పది, గుండె చిన్నది. జారిపడినచో ఇత్తడివలె సొట్టపోయి ఊరకుండదు, పగులును. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టును గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించెనని నేను చెప్పినపుడెల్ల తరగతిలో పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఇంటిలో చెప్పినపుడు నా భార్య, "అయ్యో, అంత కంచే! వీశెలు తూగి ఉంటుంది" అని, ఎన్నడును చూడని డిండిమభట్టు భార్యకై నిట్టూర్చినది.

వైశాఖము వచ్చెనా, పెండ్లివారు ఎరువులకు బయలుదేరుదురు. గంగాళము ఒక వీధికి, కాగు ఒక వీధికి, గుండిగలు ఊరంతటికిని పోవును. లేదనరాదు, రేపు మన యింట శుభకార్యమునకు మనము అడుగవలసినవారమే. ఖాళీపాత్రను తిరిగి పంపరాదన్న మర్యాద చొప్పున, ఇరువదిమందికి వండిన గుండిగ అడుగున రెండు లడ్డులతో మరలి వచ్చును. ఒక్కొక్కమారు లడ్డులు మావే గాని గుండిగ మాది కాకపోవుటయు కలదు. ఇందులకే పాత్రలమీద పేర్లు కొట్టించుట. పొడి అక్షరములు రెండు, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టినచో, సొమ్ము ఎవరిదో లోకమునకు తెలియును గదా యని పెద్దల యాశయము.

ఇక పప్పుగిన్నె. దోసిలి రెండింతల వెడల్పు. అంచు వెలుపలికి కొంచెము వాలియుండును. గోట మీటినచో ఖంగున మ్రోగి, ఆ మ్రోత అన్నము కలుపుకొనువరకు చెవినుండును. అందు చేరినచో పెసరపప్పైనను కందిపప్పు హోదాతో వడ్డనకు వచ్చును. దాని పొట్టమీద రెండక్షరములు కలవు: "భా. సీ." మా యింటిపేరు భకారముతో ఆరంభము కాదు, మా వంశమున సీతమ్మలు లేరు. మా మామ్మ బ్రతికియున్నంతకాలము "భారద్వాజ గోత్రమురా" అనెడిది. మా గోత్రము కౌండిన్యస. మా నాన్నగారు అది కంచరివాని గుర్తని తీర్మానించిరి. నేను భాషాప్రవీణుడను గనుక "భాగ్యమునకు సీమ" యని విగ్రహవాక్యము చెప్పి సమర్థించితిని. నా భార్య మాత్రము వ్యాఖ్యానములతో పని పెట్టుకొనక, వడ్డించునపుడు అక్షరములను గోడవైపు త్రిప్పి పెట్టెడిది.

ఆ హేవిళంబి శ్రీరామనవమికి మా పెదనాన్నగారి వియ్యాలవారి తాలూకు పెద్దాయన యొకరు కొవ్వూరు వైపునుండి వచ్చిరి. పందిరిలో కల్యాణము చూచి, మిరియపు ఘాటునకు దగ్గుచు పానకము త్రాగి, భోజనమునకు కూర్చుండిరి. వడ్డన తొందరలో పప్పుగిన్నెను తెచ్చి పెట్టినవాడు మా చిన్నవాడు. అక్షరములు తిన్నగా అతిథి కన్నుల యెదుట నిలిచినవి. ఆయన మొదటి ముద్దకు నెయ్యి మెచ్చుకొనెను. రెండవ ముద్దకు కండ్లజోడు తీసి తుడిచికొనెను. మూడవ ముద్దను కంచములోనే విడిచి, ఎడమచేత గిన్నెను వెలుతురునకు త్రిప్పి, కూడబలికికొని చదివెను.

"అమ్మాయ్, ఇది మా నాయనమ్మ గిన్నె!"

ఆయన యింటిపేరు భకారాది యనియు, వారి నాయనమ్మ సీతమ్మగారనియు అప్పుడు బయటపడినది. "మా మేనత్త పెళ్ళికి ఊళ్ళోవాళ్ళ సామానూ మా సామానూ ఒకచోట పోగేశారట. పెళ్ళయ్యాక ఏది ఎవరింటికి పోయిందో! ఈ గిన్నె పోయిందని మా నాయనమ్మ ఏడాదిపాటు పప్పు ముట్టలేదని చెప్పుకునేవారు" అనెను.

నేను దూలములు లెక్కించుచుంటిని. నా భార్య నేతిగిన్నెతో గడపలో ఒక్క క్షణము నిలిచి, "తీసుకువెళ్ళండి బాబాయిగారూ. మీ సొమ్ము మీకు చేరితే మాకు అంతకంటే ఏం కావాలి?" అన్నది. ఆ కంఠమున మ్రోగిన కంచు నాకొక్కనికే వినబడినది.

పెద్దాయన మూడవ ముద్దను తాపీగా నమలి మ్రింగెను. "వద్దు తల్లీ. ఇది పట్టుకెళితే మా ఆవిడ ఎక్కడిదీ అంటుంది. చెప్పాలి. చెబితే ధర్మం మొదలవుతుంది. మా ఇంట్లో గంగాళం మీద ఎవరిదో పేరు, బిందె మీద ఇంకెవరిదో. నేను రోజూ నీళ్ళు తాగే చెంబు మీద ఏముందో చదివే ధైర్యం లేక, జోడు తీసేసి తాగుతాను. ఎవరివి వాళ్ళకి ఇచ్చుకుంటూ కూర్చుంటే గోదావరికి ఈ ఒడ్డున రేపు ఒక్క పొయ్యి వెలగదు. ఏదీ, ఇంకాస్త పప్పు వెయ్యి."

ఇందలి న్యాయమును నేను ఏ స్మృతియందును చదివియుండలేదు. పెండ్లికి పోయి మరలిరాని పాత్ర పోయినట్లు కాదు. వేఱొక యింట చుట్టమై, అచ్చటి చుట్టములకు వడ్డించుచుండును. మేము వచ్చినవారికి నాలుగునాళ్ళు చేయు మర్యాదను ఆ గిన్నె మా యింట మూడుతరములుగా పొందినది. మా జీతమునకు మించిన మర్యాద మా యింట జరుగుచున్నదని లోకము చెప్పుకొన్నచో, అందు సగము దాని చలవయే. పరుల కంచు, పరువు మాది. మా ఇత్తడి ఏ యూర ఎవరి పరువు కాచుచున్నదో!

ప్రయాణమగునపుడు పెద్దాయన మనుమలకు కాసింత పులిహోర, వడపప్పు కావలెనని యడిగెను. నా భార్య చేయి గూటిలోని మూతగిన్నెవైపు పోయి, దానిని తాకి, వెనుకకు వచ్చినది. చిన్నవానిని పెరటిలోనికి పంపి అరిటాకు కోయించి, పొయ్యిసెగను వాడ్చి, రెండు పొట్లములు కట్టి, నారతో బిగించి చేతికిచ్చినది. బండి సందు మలుపు తిరిగిన పిదప, "అంత పెద్దమనిషికి గిన్నెలో పెట్టి ఇయ్యకపోయావా?" అంటిని.

"ఆకుమీద ఎవరూ పేరు కొట్టించరు గదండీ" అని, పనిమనిషిని పిలువక, పప్పుగిన్నెను తానే నూతియొద్దకు తీసికొనిపోయి తోముటకు కూర్చున్నది. అక్షరములున్న చోట ఇటుకపొడి కొంచెము గట్టిగానే పట్టించినదని నా యనుమానము.