శ్రీ చలికాలం గారికి బహిరంగ లేఖ

ఉత్తరాది చలికాలం గారి సముఖానికి,
విడిది: ఆల్గాంక్విన్ పార్కు, ఒంటారియో, కెనడా.

విషయం: తమరు డ్యూటీకి ఆలస్యంగా రావడం, వచ్చాక చెప్పాపెట్టకుండా మాయమవడం గురించి.

అయ్యా,

ఒపియాంగో సరస్సు పడవల రేవులో బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని నిలబడ్డ టొరంటో తెలుగువాణ్ణి రాస్తున్నాను. నవంబరు నడుస్తోంది. వేసవిలో కెనూల కోసం ఎగబడే జనం లేరు. 1893లో ఏర్పడ్డ ఈ పార్కు సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు. ఇందులోకెల్లా పెద్ద సరస్సు ఇదే. అయినా పిట్టలు చూడవచ్చిన వాళ్లలో సగంమంది నీళ్లకు వీపు పెట్టి, స్ప్రూస్ చెట్లకేసి చూస్తున్నారు. కెనడా జే అనే పిట్ట కోసం.

దీనికి మనిషంటే బెదురు లేదు. చెక్కబల్ల మీద పులిహోర డబ్బా మూత తీశానో లేదో, బూడిదరంగు రెక్కలు చప్పుడు చేయకుండా దిగాయి. మెతుకు ముట్టలేదు, కరివేపాకు పక్కకి నెట్టేసింది, వేగిన పల్లీ ఒకటి ఏరుకుని ఎగిరింది. తినలేదు. నోట్లోనే కాసేపు తిప్పి, జిగురు ఉమ్మి పట్టించి, చెట్టు బెరడు పెచ్చు కింద దూర్చేసింది.

ఎన్నో పక్షులు తమరికి జడిసి దక్షిణాదికి ఉడాయిస్తుంటే, ఇది తమరినే నమ్ముకుని ఇక్కడ ఉండిపోతుంది. వేల చోట్ల దాచిన తిండి చెడకుండా ఉండేది తమరి చలవ వల్లనే. ఇంకా మంచు పేరుకుని ఉండగానే గూడు కట్టి, మార్చిలో గుడ్లు పెట్టేదీ ఆ దాపుడు తిండి ధైర్యంతోనే.

మరి తమరేం చేస్తున్నారు? గడ్డ కట్టిస్తారు, నాల్రోజులకే కరిగించేస్తారు, మళ్లీ కట్టిస్తారు. కరెంటు వచ్చీపోయే ఊళ్లో ఫ్రిజ్‌లా తయారైంది అడవి. దాచుకున్నది కుళ్లిపోతోంది. 1960ల నుంచి ఇక్కడ పరిశోధకులు ఈ పిట్టల కాళ్లకు రంగు రింగులు తొడిగి, ఏ జంట ఎక్కడ కాపురముందో, ఎన్ని పిల్లల్ని పెంచిందో రాసిపెడుతున్నారు. వాళ్లు చూసే మేర, 1980ల తర్వాత వీటి సంఖ్య సగానికి పైగా పడిపోయింది. స్ప్రూస్‌లు ఎక్కువున్న చోట కాస్త నిలదొక్కుకున్నాయి. ఆ బెరడు కింద తిండి తొందరగా పాడవదట. ఆలస్యంగా వచ్చే ఆఫీసర్లను మా ఊళ్లోనూ చూశాం. అక్కడ ఫైలు ఆగుతుంది, ఇక్కడ సంతానం ఆగుతోంది.

లూన్ అనే నీటిపక్షిది వేరే గొడవ. ఆ బరువుకి నీళ్ల మీద చాలా దూరం పరుగెత్తితే గానీ పైకి లేవలేదు. రాత్రికి రాత్రి సరస్సు బిగుసుకుందా, చిక్కడిపోతుంది. అందుకే తమరు ఆలస్యమైతే దానికి పండగ. ఎలాగూ సముద్రానికి వలసపోయే బాపతే కనక దాని సాక్ష్యం పట్టించుకోవద్దని మనవి.

"నన్నంటారేం? మీ పొగగొట్టాల్నడగండి, మీరొచ్చిందీ కారులోనే కదా" అంటారని తెలుసు. న్యాయమే. ఆ అర్జీ మా ప్రభుత్వాలకు విడిగా పెట్టుకుంటున్నాం. ఈలోగా తమరు అక్టోబరు ఆఖరుకల్లా డ్యూటీలో చేరి, పిల్లలు గూడు దాటేదాకా ఒక్కపూట కూడా సెలవు పెట్టకుండా ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
పిట్టల పిచ్చోడొకడు