ఫిల్టర్ ఆఖరున కొనండి

పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్‌లో, ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చిన్న సముద్రపు ట్యాంకు పెట్టుకోవాలని ముచ్చటపడేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా అక్వేరియం షాపులో వినపడదు: ఫిల్టర్ కొనడానికి వెళ్లొద్దు. ఆ డబ్బు ముందు నీళ్ల మీద పెట్టండి. రెండడుగుల ట్యాంకుకు ఏ క్యానిస్టర్ ఫిల్టర్ మంచిది, గంటకు ఎన్ని లీటర్లు తోడేది తీసుకోవాలి అని అడిగే ప్రతివాళ్లకూ ఇదే చెబుతాను. తలకిందుల సలహా అనుకున్నా సరే.

ఇది మన ప్రాంతంవాళ్లకు అందరికన్నా ముందు అర్థం కావాలి. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి సుమారు 90 మందుల కంపెనీల నుంచి వ్యర్థజలాలు వచ్చేవి. శుద్ధయి బయటికి పోతున్న ఆ నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అక్కడా పనిచేసేది బాక్టీరియానే. తినగలిగింది తిన్నాయి, తినలేనిది వాగులో కలిసింది. మీ ట్యాంకు ఫిల్టర్ చేయగలిగిందీ అంతే. చేప వదిలిన అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. బోరు నీళ్లతో పాటు లోపలికొచ్చిన నైట్రేటును, సిలికేటును, రాగిని ఏ స్పాంజీ ఆపలేదు.

కాబట్టి వడపోత ట్యాంకు బయటే మొదలవ్వాలి. మన బోరు నీళ్లు ఎలాంటివో బాత్‌రూమ్ బకెట్టుకు పట్టిన తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. ట్యాంకర్ నీళ్లయితే ఏ బోరువో కూడా తెలీదు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఆర్‌వో, దాని తర్వాత డీఐ రెజిన్ ఉన్న చిన్న యూనిట్ తీసుకోండి. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో పనిచేసేవాళ్లకు డీఅయొనైజ్డ్ నీళ్లు కొత్తేమీ కాదు, వాళ్లను అడిగినా చెబుతారు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. నాలుగో అయిదో చూపిస్తోందంటే రెజిన్ మార్చాల్సిన రోజొచ్చిందని.

‘వంటింట్లో ఆర్‌వో ఉందిగా’ అంటారు. అక్కడే ట్యాంకులు పోతాయి. తాగే నీళ్ల ఆర్‌వోలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న వాల్వు ఉంటుంది. అది శుద్ధయిన నీళ్లలోకి కాసిని ముడి నీళ్లు మళ్లీ కలుపుతుంది. మీటరు పెడితే 60, 80 చూపిస్తుంది. మనిషికి అది మంచిదే, ట్యాంకుకు కాదు. అంతకన్నా ప్రమాదం, ఈమధ్య ఇంటింటా కనిపిస్తున్న కాపర్ ఆర్‌వో. రాగి మనకు ఆరోగ్యమని దాన్ని కావాలని కలుపుతారు. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు అది విషం. ఆ నీళ్లు ఒక్క బిందెడు కూడా ట్యాంకులో పోయకండి. రాగి బిందెలో నిలవపెట్టిన నీళ్లూ వద్దు.

సముద్రం మనకు 300 కిలోమీటర్ల పైనే. వారం వారం నీళ్లు తెచ్చే పని పెట్టుకోవద్దు, సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలుపుకోండి. లీటరుకు 35 గ్రాములకు కాస్త అటూ ఇటూ. 60 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 35 ఎత్తు ట్యాంకు కొలతకు 73.5 లీటర్లు. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 60 దాకా పడతాయి. వారానికి 6 లీటర్లు మార్చండి. ట్యాంకు చిన్నదైనకొద్దీ ఈ ఆరు లీటర్లు చేసే మేలు ఏ మెషీనూ చేయదు. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై తగ్గితే మాత్రం ఉప్పు కలపని డీఐ నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా లోపలే ఉంటుంది.

ఇప్పుడు రాళ్లు. అసలు ఫిల్టర్ ఇవే. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన రాళ్లు, గాలిబుడగలు తప్ప మరేం లేకుండా సముద్రపు ట్యాంకులు నడిపి, ఆ సంగతి 1961లోనే రాశాడు. రాయి లోపలి సన్నటి రంధ్రాల్లో బాక్టీరియా కాపురం ఉంటుంది. అమీన్‌పూర్ గుట్టల నుంచి తెచ్చిన రాయి చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ గ్రానైటులో ఆ రంధ్రాలు ఉండవు. సన్నటి రంధ్రాలుండే సిరామిక్ రాయి తీసుకోండి. ‘లైవ్ రాక్’ పేరుతో పగడపు దిబ్బల నుంచి విరిచి తెచ్చిన ముక్కలు అమ్మజూపితే ముట్టుకోవద్దు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో ఏళ్లకేళ్లు పెరిగినదాన్ని హాల్లో చంపుకునే హక్కు మనకు లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతులు ఎప్పుడో తయారుచేసింది. హేచరీలో పుట్టిన జంట ఒకటి చాలు, మీ ట్యాంకు నిండుగా ఉంటుంది.

రాళ్లు సర్ది, ఉప్పునీళ్లు పోసి, మార్కెట్లో దొరికే పచ్చి రొయ్య ఒకటి వేసి వదిలేయండి. అది కుళ్లి అమ్మోనియా పుట్టాలి, దాని మీద బాక్టీరియా పెరగాలి. నెల పట్టొచ్చు, నెలన్నరా పట్టొచ్చు. కిట్‌తో పరీక్షిస్తే అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యేదాకా చేప వేయొద్దు. ఖాళీ ట్యాంకు చూసి పిల్లలు గొడవ చేస్తారు, చేయనివ్వండి.

క్యానిస్టర్ ఎందుకు వద్దంటానంటే మన కరెంటు వల్ల. అది మూత బిగించిన డబ్బా. కరెంటు పోతే లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్ వాడేసుకుని చావడం మొదలవుతుంది. కొన్ని గంటల తర్వాత కరెంటు రాగానే ఆ కుళ్లంతా ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తుంది. మే నెలలో అయితే వేడినీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. రాళ్లు నీళ్ల మధ్యే ఉంటాయి కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్‌పంపు పెట్టినా గండం గడుస్తుంది. ఫిల్టర్ కోసం దాచిన డబ్బులో కొంత దానికి, కొంత నీళ్లు తిప్పే వేవ్‌మేకర్‌కు, నీటి మీదికి గాలి కొట్టే ఫ్యానుకు ఖర్చుపెట్టండి. ఫ్యాను ఒక్కటే రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది.

ఇంకా డబ్బుంటే స్కిమ్మర్ కొనండి. సన్నటి బుడగలకు జిడ్డు, మాంసకృత్తులు అంటుకుని పైకి పొంగుతాయి. కప్పులో చేరే గోధుమరంగు ద్రవం వాసన పట్టలేం. కుళ్లకముందే ట్యాంకులోంచి బయటపడిన మురికి అది, అందుకే స్కిమ్మర్ అంటే నాకు గౌరవం.

ఇంత చెప్పినా మీకు స్పాంజి ఫిల్టర్ ఉండాల్సిందే అనిపిస్తే పెట్టుకోండి. వారం వారం పిండండి, లేకపోతే అందులో ఇరుక్కున్న మేత అక్కడే నైట్రేటు అవుతుంది. పిండేది కుళాయి కింద కాదు, ఆరోజు ట్యాంకులోంచి తీసిన ఆరు లీటర్ల పాత నీళ్లలో.